విశ్రాంతి గంట

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న షాహెదా ఆపా తలెత్తి గోడ గడియారం వైపు ఒక్క చూపు చూసిందంటే, ఇక కృప చేతిలో ఏ చీర ఉన్నా, అది ఏ మడత మీద ఉన్నా, ఎదురుగా ఏ మహాతల్లి కూర్చుని ఇదే అంచులో ఇంకో రంగు తియ్యమంటున్నా, అన్నీ ఉన్నవి ఉన్నట్టు వదిలేసి మేడ మీది గదికి ఎక్కాల్సిందే. గద్వాలలో ఇన్ని బట్టల కొట్లున్నాయి, ఏ కొట్లోనూ యజమాని పనిపిల్లను ఇలా పని మాన్పించి తరిమేయడం కృప చూడలేదు, వినలేదు. పదహారేళ్ళ పిల్లకు ఏకబిగిన మూడు గంటలకు మించి పని చెప్పకూడదట, ఆ తర్వాత గంటసేపు విశ్రాంతి ఇవ్వాలట. ఆ గంటలో ఆపా మంచినీళ్ళు తెమ్మని కూడా అడగదు, తనే లేచి తెచ్చుకుంటుంది. పని చేయకపోతే తిట్టేవాళ్ళను చూశాం గాని, చేస్తే తిట్టే మనిషి లోకంలో ఈవిడొక్కతే అని చేరిన కొత్తలో కృపకు నవ్వొచ్చేది. ఇవాళ మాత్రం నవ్వు రాలేదు. పైగదిలో చాప మీద, చీరల మూటలకు వీపు ఆనించి, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఫోనులో స్వరూప టీచరు నంబరు ఉంది. అది నొక్కితే చాలు, చెల్లెలు రేఖ ఈ పూట బడికి వచ్చిందో, లేక అమ్మ వెంట పత్తిచేనికి పోయిందో తెలిసిపోతుంది. తెలిసిపోతుందనే నొక్కడం లేదు.

పొద్దున ఇంట్లో అడిగి ఉంటే సరిపోయేది. కృప లేచేసరికి అమ్మ లేదు, చీకటితోనే చేనికి పోయింది. రేఖ వాకిట్లో కూర్చుని, పగిలిన అద్దాన్ని గోడ గూట్లో నిలబెట్టుకుని జడ అల్లుకుంటోంది. ఒంటి మీద ఇంట్లో తొడుక్కునే పాత గౌనే ఉంది. బడి బట్టలు దండెం మీద తడిగా వేలాడుతున్నాయి. బడికి పోయే పిల్ల బట్టలు ముందు రోజు సాయంత్రమే ఆరేసుకోదూ, ఇంత పొద్దెక్కినా తడిగా ఎందుకుంటాయి? బడికేనా అని ఒక్క మాట, రెండు పెదాలు కదిపితే అయిపోయే మాట, నాలుక చివరిదాకా వచ్చింది. రేఖ కాదంటే? అమ్మ చేనికి రమ్మందక్కా అంటే? అప్పుడు ఆ పిల్లను వాకిట్లోనే ఆపి, బస్సెక్కడం మానేసి, చెప్పులు చేతబట్టుకుని గట్టు వెంట తనే పరిగెత్తాల్సి వచ్చేది. అడగకపోతే బస్సెక్కొచ్చు. కృప అడగలేదు. పోయొస్త అంది. రబ్బరు బ్యాండు పళ్ళ మధ్య పట్టుకున్న రేఖ ఊఁ అంది. అయిజ నుంచి వచ్చే బస్సు ఊరి మలుపు దగ్గర రెండు నిమిషాలు ఆగుతుంది. ఆ రెండు నిమిషాలూ కిటికీలోంచి ఇంటి వైపు చూడకుండా కండక్టరు సంచీ వైపే చూస్తూ కూర్చుంది. దొంగతనం చేసిన వాళ్ళు కూడా అంత బుద్ధిగా కూర్చోరు.

మసీదు నుంచి మధ్యాహ్నపు అజాన్ మొదలైంది. కొత్తలో ఆ పిలుపు వినగానే ఎవరో తననే కేకేసినట్టు కృప లేచి నిలబడేది, ఇప్పుడు దానికి కళ్ళు మూతలు పడతాయి. కింద ఆపా కొట్టు వెనక గదిలో నమాజుకు నిలబడి ఉంటుంది. గల్లా దగ్గర ఆమె మేనల్లుడు ఉవైస్ కూర్చుని ఫోను చూసుకుంటుంటాడు, కొనడానికి ఎవరైనా వస్తే లోలోపల విసుక్కుంటుంటాడు. పైన పంకా తిరుగుతోంది, తిరుగుతూ ఏదో చెప్పబోయి మానేస్తోంది. మూటల్లోంచి గంజివాసన, కొత్త నూలు వాసన, ఆ నూలు వెనక ఎక్కడో పత్తి వాసన. కళ్ళు మూసుకుంటే చేనే వస్తుంది, ఎప్పుడు మూసుకున్నా చేనే. వానాకాలపు తెల్లవారుజామున మోకాళ్ళ దాకా మంచుకు తడిసిన ఆకులు, నల్లరేగడి చెప్పుకు అంటుకుని ఒక్కో కాలూ ఇంత బరువు. మగ సాళ్ళు ఒక పక్క, ఆడ సాళ్ళు ఒక పక్క. అది విత్తనాల కోసం వేసిన పత్తి, దాన్ని దాని దారిన పూయనివ్వరు, ఆడ సాలులో తనంతట తాను పూసి కాసిన కాయ ఆ విత్తనానికి పనికిరాదు. ఆడ సాళ్ళలో రేపు విచ్చుకోబోయే మొగ్గను ఇవాళ సాయంత్రమే పట్టుకుని బొటనవేలి గోటితో గిల్లి ఒక్క తిప్పు తిప్పితే రేకులు, పుప్పొడి అన్నీ తొడుగులా ఊడొస్తాయి, మధ్యన సన్నటి కాడ ఒక్కటే మిగులుతుంది. గుర్తుకు దాని మీద ఎర్ర కాగితం ముక్క తొడగాలి. పొద్దున్నే మగ సాళ్ళలోంచి మగపువ్వు కోసుకొచ్చి రేకులు వెనక్కి మడిచి ఆ కాడకు మెత్తగా రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు, ముసలమ్మలు కూడా అదేదో తమ పుట్టింటి మాటైనట్టు క్రాసింగ్ అనే అంటారు. సాయంత్రం గిల్లిన మొగ్గకు పొద్దున ఎండ ముదిరేలోగా మగపువ్వు తగలకపోతే అది మాడి రాలిపోతుంది. అందుకే ఆ పనిలో రేపు రాననే మాటకు చోటు లేదు. నిన్నటి నీ చేతిపని ఇవాళ నిన్ను రమ్మంటుంది, ఇవాళ్టిది రేపు రమ్మంటుంది, అలా సీజను మొత్తం ఒకటే రోజు.

ఆ ఒకటే రోజులోకి కృప ఎనిమిదేళ్ళప్పుడు దిగింది. చెట్టు ఎత్తు సరిగ్గా తన ముఖమంత. పెద్దవాళ్ళు నడుం వంచి చేసే పని చిన్నపిల్లలు నిటారుగా నిలబడి చేస్తారని, చిన్న వేళ్ళకు మొగ్గ నలగదని అందరూ మెచ్చుకునేవాళ్ళు. మెచ్చుకుంటుంటే బాగుండేది కూడా, అబద్ధమెందుకు. ఆదివారం పాస్టరమ్మ కూడా పిల్ల చేతిపని మంచిదంట కదా సత్యమ్మా అంటే అమ్మ ముఖం వెలిగేది. పలకమీద సున్నాలు దిద్దే వేళ్ళు మొగ్గలు తిప్పుతూ తిప్పుతూ బొటనవేలి గోరు కింద నల్లగా గట్టిపడ్డాయి. ఒకరోజు పొద్దున స్వరూప టీచరు స్కూటీని గట్టు మీద పడేసి, చీర కుచ్చిళ్ళు చేతబట్టుకుని, సాలు మధ్యకు నడిచి వచ్చింది. పద్నాలుగేళ్ళు నిండని పిల్లను బడి మాన్పించి పని చేయించడం తప్పని చెప్పింది. అమ్మ ఆ రోజు టీచరును తిట్టిన తిట్లు తలుచుకుంటే కృపకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. నేను ఏడేండ్లప్పటి సంది గిల్లుతున్న, నేను సచ్చిన్నా, నా బిడ్డ సస్తదా అంది. టీచరు మారు మాట్లాడకుండా తిట్లన్నీ పడి, మర్నాడు మళ్ళీ వచ్చింది, ఆ మర్నాడు మళ్ళీ. చివరికి విసిగిపోయి పంపించిందో, లోపల ఏమైనా కరిగి పంపించిందో, అమ్మ కృపను బడికి పంపింది. అయినా సీజను వస్తే ఒక్క దినం రా అనేది. అమ్మ నోట ఒక్క దినం అంటే దాని పొడుగు ఎంతో కృపకు తెలుసు, అది వినాయక చవితికి మొదలై దసరా దాటినా అయిపోయేది కాదు. పదో తరగతి పాసైందంటే ఆ దినాల సందుల్లోంచి దూరి పాసైందే.

రేఖను మాత్రం దిగనివ్వలేదు. అమ్మ ఏమీ పంతంతో తీసుకుపోయే మనిషి కాదు, చేతులు చాలకపోతే పక్కన ఎవరుంటే వాళ్ళను పిలుస్తుంది, అంతే. అందుకని ఆ పక్కన ఎప్పుడూ కృపే ఉండేది. రేఖకు పన్నెండేళ్ళు వచ్చాయి, ఏడో తరగతి, ఇప్పటిదాకా ఆ పిల్లకు మొగ్గ గిల్లడం రాదు. ఊళ్ళో ఆ ఈడు ఆడపిల్లల్లో రానిది అదొక్కతేనేమో. ఎవరైనా వెక్కిరిస్తే రేఖ గర్వంగా నాకు రాదు అంటుంది, నాకు ఇంగ్లీషు వచ్చు అన్నంత గర్వంగా. ఆ గర్వం చూసుకోవడానికే కృప రోజూ చీకట్లో లేచేది. చేన్లో ఎండపొద్దు వచ్చేదాకా క్రాసింగ్ చేసి, ఇంటికి పరిగెత్తి, చేతులు కడుక్కుని, ఉన్నంతలో మంచి చుడీదార్ వేసుకుని, బస్సెక్కి గద్వాల వచ్చి, పదింటికల్లా కొట్లో పరుపు మీద చీరలు పరిచేది. ఎవరికీ ఏమీ తెలియలేదు. రాయచూరు నుంచి వచ్చినావిడ ఎష్టు అమ్మా అని కన్నడంలో ధర అడిగితే, నవ్వుతూ జవాబు చెప్పేటప్పుడు కూడా మడమల్లో చేని బరువు ఉండేది.

ఫోను తెర ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది. టీచరు పేరు, పక్కన చిన్న గుండ్రటి ఫొటో, ఫొటోలో టీచరు నవ్వుతోంది, ఇప్పుడు ఫోన్ చేస్తే కూడా అలాగే నవ్వుతూ రేఖ రాలేదమ్మా అనగలదా? ఇంకాసేపాగుదాం, బళ్ళో అన్నాల బెల్లు అయిపోనీ, పిల్లలు కంచాలు కడుక్కుని లోపలికి పోనీ. వంకలు వెతుక్కోవడానికి గంట చాలా పెద్దది. చేన్లో గంటలు తెలియవు, కొట్లోనూ తెలియవు, ఈ ఒక్క గంటే తాపీగా వచ్చి ఎదురుగా కూర్చుని ముఖంలోకి చూస్తుంది. తెల్లబట్టల మూట మీద చెయ్యి వేసింది, వెంటనే తీసేసింది. వేళ్ళు శుభ్రంగానే ఉన్నాయి ఇవాళ. అలవాటు కొద్దీ తీసింది, ఆ మరక పడ్డప్పటి నుంచి తెల్లవాటి మీద చెయ్యి వేయాలంటే భయం.

మొన్న పడింది ఆ మరక. మీగడరంగు నూలు చీర, జరీ అంచు, మడత పెట్టి బీరువాలో పెట్టాక ఆపా మళ్ళీ బయటికి తీసింది. చెంగు మీద పసుపుపచ్చగా, బొటనవేలంత. పసుపేమో ఆపా, పొద్దున కూర కలిపిన అని కృప ఠకీమని అనేసింది. ఆపా చీరను వెనక పంపు దగ్గరికి తీసుకుపోయి సబ్బు రుద్దింది. ముప్పై ఏళ్ళ నుంచి బట్టల మధ్య బతుకుతున్న మనిషి, భర్త పోయాక ఒంటిచేత్తో కొట్టు నెట్టుకొస్తున్న మనిషి, ఆమెకు మరకల సంగతి చెప్పబోవడమే తప్పు. పసుపైతే సబ్బు తగిలి ఎర్రగయ్యేది గదా బేటా అంది, కోపం లేకుండా. పుప్పొడి సబ్బుకు ఎర్రబడదు. ఆపా చీరను ఆరేసి వచ్చి ఎదురుగా కూర్చుంది. కృపను పనిలో పెట్టుకునే ముందు ఆమె లేబరాఫీసుకు తనంతట తానే పోయి, కందిపప్పు ధర కనుక్కున్నంత మామూలుగా, ఈ వయసు పిల్లను పెట్టుకోవచ్చా, పెట్టుకుంటే ఎట్లా చూసుకోవాలని అడిగి వచ్చింది. అప్పటి నుంచి రోజుకు ఆరు గంటలకు మించి కొట్లో ఉంచుకోవడమన్న మాటే లేదు, రంజాన్ గిరాకీకి కొట్టు కిటకిటలాడుతున్నా నాలుగు కాగానే నీ బస్సు నువ్వు చూసుకో అనేది. అలాంటి మనిషి ఆ పూట గొంతు తగ్గించి చెప్పింది.

"కొట్టు నాది బేటా, కానూన్ నాది గాదు. పొద్దున ఇంకో కాడ పని చేసొచ్చిన పిల్లను అదే దినం మళ్ల పన్ల పెట్టుకోవద్దంట. చేను సూస్కుంటవా, కొట్టు సూస్కుంటవా, ఏదన్న ఒక్కటి చెప్పు."

కొట్టే, అంది కృప. ఆలోచించకుండా అంది. అన్న తర్వాత బస్సులో ఆలోచించింది. కొట్టంటే నీడ, పంకా, కూర్చోవడానికి పరుపు, ఎర్రబడని కళ్ళు, మందు కొట్టిన చేన్లోంచి వచ్చాక పట్టుకునే తలనొప్పి లేకపోవడం, సాయంత్రం ఓపెన్ ఇంటర్ పుస్తకం తెరిస్తే నిద్ర ముంచుకురాకపోవడం. ఇంకా ఏదో ఉంది, పేరు పెట్టలేనిది, ఆపా నలుగురి ముందూ మా కృపను అడగండి ఏ చీర నప్పుతుందో చెబుతుంది అన్నప్పుడు భుజాల దగ్గర తేలికయ్యేది. ఆ సాయంత్రం అమ్మ జొన్నరొట్టె చేస్తోంది. ఆపా వద్దంటుందమ్మా, ఇగ పొద్దున చేనికి నేను రాను అని పొయ్యి వైపు చూస్తూ చెప్పింది. అమ్మ అరచేత్తో రొట్టె తడుతూ, ఆ తట్టడం ఆపకుండా, రేపొక్క దినం రా అంది. అంతే, ఇంకో మాట లేదు. కృపకు ఒళ్ళు మండింది. మళ్ళీ అదే ఒక్క దినం, ఎనిమిదేళ్ళ నుంచి అదే. నాన్న ఇమ్మానుయేలు పుణెలో గోడలు కట్టుకుంటూ క్రిస్మస్‌కు తప్ప కనిపించడు, ఇక్కడ అమ్మ వెంకటయ్య చేన్లో కొన్ని సాళ్ళు పాలుకు తీసుకుని చేస్తుంది, నేలా పెట్టుబడీ ఆయనవి, చాకిరీ ఈమెది, వచ్చిన విత్తనంలో చెరి సగం. కాయలు తగ్గితే వచ్చే ఏడు ఆ సాళ్ళు ఇంకొకరికి ఇస్తాడు. ఇవన్నీ తెలుసు. తెలిసే ఒళ్ళు మండింది. నిన్న ఆ ఒక్క దినం చేనికి పోయింది, ముఖం ముడుచుకునే చేసింది. నిన్న సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి అమ్మ అప్పటికే గిల్లుడు ముగించుకుని వచ్చి గడపలో కూర్చుని ఉంది. ఇంత తొందరగా ఎన్నడూ రాదు. నిమ్మళంగా ఉంది ముఖం. ఓహో, రేపటికి చేతులు కుదుర్చుకున్నట్టుంది, అందుకే ఈ నిమ్మళం అనుకుంది కృప. ఆ చేతులు ఎవరివో ఇంట్లో వేరే చెప్పాలా?

పంకా గాలికి ఒక చీర కొస మూటలోంచి బయటికి వచ్చి లేస్తూ పడుతోంది. నీలం రంగు, అలలు. సోమశిల నీళ్ళు ఇదే రంగు. తొమ్మిదో తరగతిలో స్వరూప టీచరు బడి పిల్లలందరినీ బస్సులో సోమశిల తీసుకుపోయింది, కృష్ణ మీద లాంచీ ఎక్కించింది. చుట్టూ కొండలు, మధ్యలో అంత నీరు, ఆ నీటి మీద ఏ పనీ లేకుండా కూర్చోవడం. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కృప ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది, అవి ఎవరివో అనిపించాయి. ఇప్పుడు చాప కూడా కొద్దికొద్దిగా కదులుతోంది, లాంచీ బయలుదేరింది కాబోలు, పక్కన రేఖ కూర్చుంది, కాళ్ళు నీళ్ళలో పెట్టి ఆడిస్తోంది, పడిపోతావే అంటే వినదు. నీళ్ళు కాదవి, పత్తి ఆకులు, పచ్చగా ఇంతెత్తున లేచి రేఖ నడుం దాకా వచ్చాయి, ముఖం దాకా వచ్చాయి, చెట్టు ఎత్తు సరిగ్గా దాని ముఖమంత. మగపువ్వు ఎలా పట్టుకోవాలక్కా అని అడుగుతోంది. చెప్పనే, నేను చెప్పను, చెబితే నీకు వస్తుంది. అమ్మ అటు సాలులోంచి చెబుతోంది, గిట్ల పట్టుకో, గిట్ల రుద్దు. రేఖకు ఎంత తొందరగా వచ్చేసింది, చిన్న వేళ్ళు కదా, మొగ్గ నలగదు, అందరూ మెచ్చుకుంటున్నారు, పాస్టరమ్మ మెచ్చుకుంటోంది, వెంకటయ్య గట్టు మీద నిలబడి అబ్బో ఈ పిల్ల పెద్దదానికంటే నయం అంటున్నాడు, రేఖ ముఖం వెలుగుతోంది. కృప కళ్ళు తెరిచింది. మెడ కింద చెమట. పంకా తిరుగుతూనే ఉంది.

ఇదేం న్యాయం అనుకుంది, ఎవరిని అడుగుతోందో తెలియకుండానే. తనకు పదహారు కాబట్టి గంట విశ్రాంతి ఇచ్చారు, తనను పొద్దున పనికి పోవద్దన్నారు, మంచిదే, కాదని ఎవరంటారు. కాని తను దించిన బరువు గాల్లో ఆగదు కదా, ఎక్కడో ఒకచోట దిగాలి, ఇంట్లో తన తర్వాత ఉన్నది రేఖ. పదహారేళ్ళ పిల్ల ఇక్కడ చాప మీద వెన్ను వాల్చడం కోసం పన్నెండేళ్ళ పిల్ల అక్కడ సాలులో నిలబడి ఉంటే, ఈ చాప ముళ్ళు కాక ఏమవుతుంది? ఆపా తప్పేమీ లేదు. ఆమె చూడగలిగినంత మేర ఆమె చూసింది, కొట్టు గడప దాకా. గడప అవతలది కృప చూడాలి. చూసిందా? పొద్దున వాకిట్లో ఒక్క మాట అడగకుండా వచ్చింది. అమ్మ మీద కోపం తెచ్చుకుని మూడు రోజుల నుంచి మోస్తోంది గాని, రేఖను వదిలేసి బస్సెక్కిన కాళ్ళు అమ్మవి కావు, తనవే. ఇప్పుడు నంబరు నొక్కి, రేఖ రాలేదని వింటే, కిందికి దిగి ఆపాకు చెప్పేయాలి, రేపటి నుంచి కొట్టుకు రానని. ఆ మాట మనసులో అనుకుని చూసింది. భుజాల దగ్గర ఆ తేలిక ఇప్పటికే పోయింది. అయినా సరే, రాకపోతే రాకపోనీ, పన్నెండేళ్ళ పిల్ల గర్వం కంటే జరీ అంచులు ఎక్కువా? ఇంకో వంక దొరికేలోగా నొక్కేసింది.

ఫోను చాలాసేపు మోగింది. ఎత్తకపోతే బాగుండును అనుకునేలోగా టీచరు ఎత్తింది. రేఖ వచ్చిందా టీచర్ అనే మూడు మాటలు అనడానికి కృప ముందు గొంతు సవరించుకోవాల్సి వచ్చింది. వచ్చిందమ్మా, తడిబట్టలు తొడుక్కుని వచ్చింది, కాసేపు ఎండలో నిలబెట్టాను, ఏమైంది, ఏమన్నా చెప్పాలా అంది టీచరు. కృప ఏం లేదు టీచర్, ఒకసారి దానికి ఇవ్వండి అంది. అటు పక్క బల్లలు జరిగిన చప్పుడు, పిల్లల గోల, ఎవరో ఎక్కాలు చదువుతున్న రాగం, ఆ గోలలోంచి రేఖ ఊపిరి.

"ఏందక్కా?"

"అమ్మ నిన్ను చేన్ల పనికి రమ్మనలే?"

"లే. చేనికి సద్ది తెచ్చిచ్చి బడికి పొమ్మన్నది, గంతే." రేఖ గొంతు తగ్గించింది. "అక్కా, నీకు చెప్పకన్నది గాని... నిన్న అమ్మ మొగ్గలు తక్కువనే గిల్లిందంట. తన ఒక్కదానికి పొద్దున ఎన్నిటికి చాతనైతదో అన్నే గిల్లి ఇంటికొచ్చిందంట."

కృప గోడకు ఆనుకుంది.

"తక్కినయన్నీ ఇయ్యాల పూసినయక్కా. ఆడ సాళ్ళే. తెల్లగ, చేనంత. నేనెప్పుడు సూడలే, సద్ది గిన్నె పట్టుకోని అట్లనే నిలవడ్డ. అమ్మ ఒక్కొక్కటి తెంపి కింద పడేస్తుంటే వద్దమ్మా అన్న. పూస్తే పూసినయి బిడ్డా, గీ సాళ్ళల్ల అవి కాయొద్దు అన్నది."

"సరే, క్లాసుకు పో" అంది కృప.

ఫోను పెట్టేశాక చాప మీద అలాగే కూర్చుంది. రేపొక్క దినం రా. మొన్న సాయంత్రం ఆ మాట అనేటప్పటికే అమ్మ ఆ రోజు మొగ్గలు గిల్లేసి వచ్చింది, ఇద్దరి చేతులకు సరిపడా గిల్లేసి వచ్చింది. అవి మాడిపోకుండా ఒక్క పొద్దు, నిజంగానే ఒకే ఒక్క పొద్దు సాయం అడిగింది. మర్నాటి నుంచి తక్కువ గిల్లుకుంటే సరిపోతుందని పొయ్యి ముందు కూర్చుని రొట్టె తడుతూనే లెక్క వేసుకుంది. ఎనిమిదేళ్ళు ఆ పని చేసిన కృపకు ఆ ముక్క అర్థం కావద్దా? పరాయి పిల్లయినా ఇట్టే అర్థం చేసుకునేది. అమ్మ మీద పెట్టుకున్న కోపమంతా ఇప్పుడు ఎటు పోవాలో తెలియక ముఖంలోకి వచ్చింది, కళ్ళు మండాయి, ముక్కు కారింది. వెంకటయ్య ఈపాటికి గట్టు మీదికి వచ్చే ఉంటాడు. తెల్లటి సాళ్ళు చూసి ఏందిది సత్యమ్మా, గిల్లకుంట ఇడిసిపెట్టినవా అని అరిచే ఉంటాడు. ఎవరి మాటా పడని అమ్మ, టీచరునే అన్ని తిట్లు తిట్టిన అమ్మ, తల వంచుకుని చేతిలోని పువ్వు తెంపుతూ, ఒక్కదాన్నయినయ్యా అని ఉంటుంది. మొగ్గ వదిలిపెట్టడమంటే అమ్మకు అన్నం పారబోసినంత పాపం. అంత పాపం చేసి, దానికి కారణం ఇద్దరు కూతుళ్ళలో ఎవరికీ చెప్పుకోకుండా, నిన్న గడపలో నిమ్మళంగా కూర్చుంది. కృప చున్నీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, కింద గిరాకీకి వినిపించకుండా. సంతోషంతోనే ఏడ్చింది గాని, సిగ్గు కూడా అంతే ఉంది.

మెట్ల దగ్గర ఆపా గాజుల చప్పుడైంది. రెండు కొట్టింది బేటా, నిద్రపోయినవా అని అడిగింది. వస్తున్నా ఆపా అంది కృప. ముఖం తుడుచుకుని, చాప చుట్టి, నీలం చీర కొసను మూటలోకి దోపి, మెట్ల వైపు నడిచింది. ఇవాళ శుక్రవారం కాదు, సెలవు కాదు, నాలుగింటి దాకా పని ఉంది. ఆ తర్వాత బస్సెక్కి పోయినా చీకటి పడకముందే చేను చేరొచ్చు, కాని అప్పటికి అమ్మ పువ్వులన్నీ తెంపేసి ఉంటుంది. తొలి మెట్టు మీద కాలు పెట్టి కృప ఆగిపోయింది. ఎనిమిదేళ్ళు ఆ చేన్లోనే నిలబడింది గాని, ఆడ సాలు నిండా పూస్తే ఎలా ఉంటుందో తను కూడా ఒక్కసారైనా చూడలేదు.